ఐదేళ్ళ పాపకి టైప్ 1 షుగర్, బొమ్మకి ఇంజెక్షన్ వేసే ఆట ఆడించమంటున్నారు. ఎవరైనా చేశారా?

బుజ్జమ్మ_వాళ్ళమ్మ:

అందరికీ నమస్తే. మా పాపకి ఐదేళ్ళు, ఈమధ్యే టైప్ 1 షుగర్ అని తేలింది. హాస్పిటల్ నుంచి ఇంటికొచ్చేశాం. డోసులూ లెక్కలూ మెల్లగా అలవాటవుతున్నాయి గానీ ఇంజెక్షన్ టైం వచ్చిందంటే చాలు ఇల్లంతా యుద్ధమే, ఇన్సులిన్ వేసే పెన్ను కనపడగానే మంచం కిందకి దూరిపోతుంది, వాళ్ళ నాన్న గట్టిగా పట్టుకుంటే నేను వెయ్యాలి, వేశాక అది ఏడుస్తూ ఓ మూల నేను ఏడుస్తూ ఓ మూల. వేలు గుచ్చి షుగర్ చూడటానికీ ఇదే తంతు.

మాకు నేర్పించిన డయాబెటిస్ ఎడ్యుకేటర్ ఏమన్నారంటే ఓ బొమ్మ తీసుకుని దానికీ షుగర్ ఉన్నట్టు ఆడించండి, ఇంజెక్షన్ పాప చేతే వేయించండి, భయం తగ్గుతుంది అని. వినడానికి బాగానే ఉంది. కానీ రోజంతా ఈ జబ్బు గోలే కదా, మిగిలిన ఆ కాస్త ఆటలోకి కూడా ఇంజెక్షన్ తెచ్చిపెడితే దానికి ఇంక తప్పించుకునే చోటేది? పైగా దానికో కుందేలు బొమ్మ ఉంది, అది పక్కన లేందే నిద్రపోదు, దానికే వెయ్యాలా వేరేది కొనాలా? ఏం మాట్లాడాలి, ఎలా మొదలుపెట్టాలి? ఇంట్లో రెండేళ్ళ బాబు కూడా ఉన్నాడు, వాడికీ బొమ్మ మీద చూపిస్తే అక్కకి ఏం జరుగుతోందో అర్థమవుతుందా? చేసినవాళ్ళు ఉంటే చెప్పండి ప్లీజ్.

పిల్లలవార్డు_సిస్టర్:

ముందు కుందేలు జోలికి వెళ్ళకండమ్మా. రాత్రి పట్టుకుని పడుకునే బొమ్మ దానికి ధైర్యం ఇచ్చే బొమ్మ, దానికీ సూది గుచ్చితే మీరన్నట్టు నిజంగానే ఎక్కడికీ పోలేదు పాపం. పాపే తనంతట తను తెచ్చి దీనికి కూడా వెయ్యాలి అంటే అది వేరే సంగతి. ఆటకి ఇంకో బొమ్మ పెట్టండి. పిల్లల హాస్పిటల్స్‌లో చాలాచోట్ల దీనికి వాడేది ఉత్త తెల్లగుడ్డ బొమ్మ, మొహం కూడా ఉండదు, కళ్ళూ నోరూ పిల్లలే స్కెచ్ పెన్నుతో గీసుకుంటారు. ఏడుపు మొహం గీశారా కోపం మొహం గీశారా అన్నదాంట్లోనే మాకు బోలెడు తెలిసిపోతుంది. నీకు భయమేస్తోందా అంటే తల అడ్డంగా ఊపే పిల్లలు కూడా బొమ్మకి భయమేస్తోందా అంటే ఠక్కున చెప్పేస్తారు.

ఇదేం కొత్త సరదా కాదు. అమెరికాలో క్లీవ్‌లాండ్‌లో ఎమ్మా ప్లాంక్ అనే ఆవిడ 1955లోనే హాస్పిటల్లో ఉన్న పిల్లలకి ఆటా చదువూ కూడా ఉండాలని ఓ ప్రోగ్రాం మొదలుపెట్టారు, ఇప్పుడు చైల్డ్ లైఫ్ స్పెషలిస్ట్ అని దీనికో ఉద్యోగమే ఉంది, వాళ్ళ పనిలో ఈ మెడికల్ ప్లే పెద్ద భాగం. యూరప్‌లో అయితే మెడికల్ స్టూడెంట్లు టెడ్డీబేర్ హాస్పిటల్ అని పెడతారు, పిల్లలు తమ బొమ్మల్ని పేషెంట్లుగా తెస్తారు, వీళ్ళు సీరియస్‌గా స్టెతస్కోప్ పెట్టి చూస్తారు. చూడ్డానికి భలే ఉంటుంది.

ఇంక ఆట సంగతి. పాపే డాక్టర్, లేకపోతే పాపే బొమ్మకి అమ్మ, మీరు మాత్రం కాదు. రోజంతా దానికి ఎవరో ఒకరు ఏదో ఒకటి చేస్తూనే ఉన్నారు కదా, ఈ ఒక్కచోట చేసే చెయ్యి దానిది అవ్వాలి. మన పెద్దవాళ్ళేం చేస్తారంటే బొమ్మని పట్టుకుని "చూశావా బొమ్మ ఎంత బుద్ధిమంతురాలో, అస్సలు ఏడవలేదు" అని క్లాసు పీకుతారు, దాంతో ఆట కాస్తా పాఠం అయిపోతుంది, పిల్లలు వెంటనే పసిగట్టి బొమ్మని అవతల పారేస్తారు. బొమ్మ ఏడిస్తే ఏడవనివ్వండి. నొప్పి ఉండదు అని బొమ్మకి కూడా అబద్ధం చెప్పొద్దు. చిటుక్కుమంటుంది, వెంటనే అయిపోతుంది, ఏడుపొస్తే ఏడవచ్చు, కాలు మాత్రం కదపకూడదు, ఇంతే.

సూది తీసేసిన సిరంజి ఇవ్వండి, దూది, ప్లాస్టర్, వాడని షుగర్ టెస్ట్ స్ట్రిప్పులు ఇవ్వండి, సిరంజిలో నీళ్ళు పోసుకోనివ్వండి. నిజం ఇన్సులిన్ పెన్ను మాత్రం ఆట సామానులో కలవకూడదు, ఆటపెట్టె వేరు, మందుపెట్టె వేరు, మందుపెట్టె అందనంత ఎత్తులో ఉండాలి. ఆట ఊపులో తనకో తమ్ముడికో నిజంగానే వేసేస్తే కొంప మునుగుతుంది.

నిజం ఇంజెక్షన్‌కి సరిగ్గా ముందు బొమ్మని తియ్యకండి, అలా చేస్తే కొన్నాళ్ళకి బొమ్మని చూసినా మంచం కిందకే. మామూలుగా ఆడుకునే టైంలో పెట్టండి, ఆడనంటే వదిలెయ్యండి. ఒక మంచి ఆట చెప్తా, బొమ్మకి లో షుగర్ వచ్చినట్టు ఆడండి. చేతులు వణుకుతున్నాయి, చెమట పడుతోంది, కళ్ళు తిరుగుతున్నాయి, చిరాకు పడుతోంది, ఇప్పుడు డాక్టరుగారు ఏం చెయ్యాలి? గ్లూకోజ్ ఇవ్వాలి. ఐదేళ్ళ పిల్లకి నాకు షుగర్ పడిపోతోంది అని చెప్పడం రాదు, కానీ బొమ్మకి వచ్చినట్టు నాకూ వస్తోందమ్మా అని వచ్చి చెప్పగలదు. నా దృష్టిలో ఇంజెక్షన్ భయం కంటే కూడా ఇది పెద్ద లాభం.

ఆధారం_ఎక్కడ:

సిస్టర్ గారు చెప్పినదాంతో గొడవేం లేదు కానీ ఇలాంటి చోట్ల బొమ్మని మంత్రదండంలా చూపిస్తుంటారు, అందుకే రాస్తున్నా. పిల్లలకి సూదుల నొప్పీ భయం మీద కోక్రేన్ అని, వైద్య పరిశోధనలన్నీ కలిపి చూసే సంస్థ, వాళ్ళ రివ్యూ ఒకటి 2018లో అప్‌డేట్ అయింది, అందులో దృష్టి మళ్ళించడం, హిప్నాసిస్ లాంటివాటికి ఆధారాలు కనిపించాయి, ముందే చెప్పి సిద్ధం చెయ్యడం అనేదానికి మాత్రం ఒంటరిగా అంత గట్టి ఆధారం దొరకలేదు. అంటే బొమ్మ పనికిరాదని కాదు. బొమ్మ ఆట రోజూ ఆడేది, భయాన్ని బయటికి తీసేది, సూది దిగే ఆ క్షణానికి వేరే ఏర్పాట్లు చూసుకోవాలి.

ఆ ఏర్పాట్లు ఇవీ: పడుకోబెట్టి అదిమి పట్టుకోవడం మానెయ్యండి, దాంతో భయం ఇంకా పెరుగుతుంది. మీ ఒళ్ళో మీ వైపు తిప్పి కూర్చోబెట్టుకుని హత్తుకుంటే కాలూ చెయ్యీ కదలకుండా ఉంటాయి, పాపకి మాత్రం అమ్మ ఒళ్ళో ఉన్నట్టే ఉంటుంది. వాడుతున్న ఇన్సులిన్ ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగా వెయ్యొద్దు, చల్లగా ఉంటే ఎక్కువ మండుతుంది. పెన్ నీడిల్ 4 మిల్లీమీటర్లదేనా చూసుకోండి, ప్రతిసారీ కొత్తది వాడండి. వేసేటప్పుడు ఫోన్లో వీడియో, బుడగలు ఊదించడం, ఏదైనా సరే. రక్తం తీయించేటప్పుడూ, ఒంటికి అంటించి ఉంచే షుగర్ సెన్సర్ పెట్టేటప్పుడూ అయితే మత్తు క్రీమ్ గురించి డాక్టర్ని అడగండి, ఎమ్లా లాంటిదైతే దాదాపు గంట ముందు రాయాలి, రోజూ వేసే ఇంజెక్షన్లకి అది కుదరదు.

"ఇంజెక్షన్ వేయించుకుంటావా?" అని అడగొద్దు, వద్దంటుంది, అప్పుడేం చేస్తారు? పొట్టకా తొడకా అని అడగండి. అక్కడ బొమ్మ బాగా పనికొస్తుంది, పొద్దున ఎక్కడ వేశారో బొమ్మ మీద ఓ చుక్క పెట్టిస్తే ఈసారి ఎక్కడో పాపే చూసి చెప్తుంది. ఒకేచోట వేస్తూ పోతే అక్కడ గడ్డకట్టి ఇన్సులిన్ సరిగ్గా ఎక్కదు, కాబట్టి ఇది ఉత్త ఆట కూడా కాదు.

వీరునిబాపు:

మాది వేరే కథ అక్కా, గని బొమ్మ ముచ్చట అదే. మా పిలగానికి నాలుగేండ్లప్పుడు బ్లడ్ క్యాన్సర్ వచ్చింది, ఏఎల్ఎల్ అంటరు, ఇప్పుడు మంచిగున్నడు. ఛాతిల చర్మం కింద కీమో పోర్ట్ అని మందు ఎక్కించే చిన్న డబ్బి అసుంటిది పెట్టిన్రు, మందు ఎక్కించినప్పుడల్ల ఆ పోర్ట్‌లకు సూది గుచ్చుడే. వెన్నులకు కూడ మందు ఇస్తరు, దానికి పక్కకు తిరిగి మోకాళ్ళు కడుపుకు ఆనిచ్చి ముడుచుకొని పండాలె. ఇదంత వానికి మాటలతోని ఎట్ల చెప్తం? అక్కడి సిస్టర్ ఒక గుడ్డబొమ్మ తెచ్చి దాని ఛాతి మీద ఒక గుండీ అసుంటిది కుట్టి ఇచ్చింది, ఇగో నీకు పెట్టేది గిదే అని. వాడు రోజు ఆ బొమ్మను ముడిచి ముడిచి పండవెట్టి "కదలకు, అయిపోతది, కదలకు" అని చెప్తుండె, డాక్టర్ ఎట్ల అంటడో అచ్చం అట్లనే.

గని ఒక ముచ్చట ముందుగాల్నే చెప్తున్న, భయపడకు. మా వాడు మొదట్ల ఆ బొమ్మను ఆడిచ్చుడు కాదు, పొడుసుడే. సిరంజి తీస్కొని మొఖం మీద, కండ్ల మీద, కడుపుల, ఎక్కడ వడితె అక్కడ పొడిచి గోడకేసి కొడ్తుండె. వాళ్ళమ్మ సూడలేక బొమ్మను దాచిపెడ్త అన్నది. సిస్టర్ అద్దన్నది, వాని మీద అందరు చేస్తున్నది వాడు దాని మీద చేస్తున్నడు, చెయ్యనియ్యుండ్రి, మీరు పక్కన కూసొని బొమ్మకు శాన కోపమొచ్చిందా అని ఒక్క మాట అడుగుండ్రి చాలు అన్నది. రాను రాను పొడుసుడు తగ్గింది, ప్లాస్టర్ వేసుడు మొదలైంది. జుట్టు ఊడినంక బొమ్మకున్న ఊలు జుట్టు కూడ వాడే కత్తిరిచ్చిండు, ఇద్దరికి టోపీలు.

రక్తకణాల కౌంట్స్ పడిపోయినప్పుడు మాత్రం బొమ్మ శుభ్రం గురించి వార్డుల అడుగుర్రి, గుడ్డబొమ్మల దుమ్ము క్రిములు ఉంటయి, మాకు ఉతికి పూర్తిగ ఆరబెట్టినంకనే లోపలికి రానిచ్చేది. మీ బిడ్డకు అంత అవసరం ఉండదనుకో. ఇంకోటి, లోపల బ్యాటరీనో తీగలో ఉన్న బొమ్మ అయితే ఎమ్మారై రూములకు రానియ్యరు, మాకు గుమ్మం కాడ్నే ఆపిన్రు.

బుజ్జమ్మ_వాళ్ళమ్మ:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. అన్నా, మీ బాబు బావున్నాడని చదివి మనసు తేలికైంది. సిస్టర్ గారు చెప్పినట్టే మొహం లేని తెల్ల బొమ్మ పెట్టాం, పాప దానికి పెద్ద పెద్ద పళ్ళు గీసింది, అరుస్తోందంట. పేరు కూడా అదే పెట్టుకుంది, పళ్ళమ్మ. పొడవడం మా దగ్గరా జరిగింది, అన్న ముందే చెప్పబట్టి సరిపోయింది లేకపోతే నేనూ దాచేసేదాన్నే. ఒళ్ళో కూర్చోబెట్టుకుని వెయ్యడం నిజంగా తేడా తెచ్చింది, ఏడుపు ఉంది గానీ మంచం కిందకి దూరడం తగ్గింది.

ఇప్పుడు కొత్త తలనొప్పి. నిన్న ఆడుతూ ఆడుతూ "పళ్ళమ్మకి షుగర్ తగ్గిపోయింది, ఇంక ఇంజెక్షన్ అక్కర్లేదు, నాక్కూడా అక్కర్లేదు" అంది. ఏం చెప్పాలో తెలీక ఊఁ అని ఊరుకున్నా. అదొక్కటే కాదు, బొమ్మతో "నువ్వు తమ్ముణ్ణి కొట్టావు కదా, అందుకే నీకు షుగర్ వచ్చింది" అని చెప్తుంటే విన్నాను. ఆ మాట వినగానే నా కాళ్ళలో వణుకొచ్చేసింది. మేమెవరం దాంతో అలా అన్లేదు, ఒట్టు.

పిల్లలవార్డు_సిస్టర్:

మీరు అనక్కర్లేదమ్మా, ఆ వయసులో వాళ్ళకై వాళ్ళే కట్టేసుకుంటారు. మూడు నుంచి ఆరేడేళ్ళ పిల్లలు ఏది జరిగినా దానికి కారణం తామేనని అనుకుంటారు, జబ్బు వచ్చిందంటే ఏదో తప్పు చేశాం కాబట్టే శిక్ష అని. పైగా అల్లరి చేస్తే ఇంజెక్షన్ చేయిస్తా అని బెదిరించే పెద్దవాళ్ళు చుట్టూ ఎంతమంది ఉంటారు, చుట్టాలు ఎవరైనా ఆ మాట అంటుంటే గట్టిగా ఆపండి. మామూలుగా అయితే పాప మనసులో ఈ మాట ఉందని మీకు తెలిసేదే కాదు, బొమ్మ వల్ల బయటపడింది, ఒకరకంగా మంచిదే.

పాపని కూర్చోబెట్టి అలా అనుకోకూడదు అని చెప్పకండి, దొరికిపోయానని మళ్ళీ మూసేసుకుంటుంది. ఆటలోకి వెళ్ళి బొమ్మకే చెప్పండి. "పళ్ళమ్మా, తమ్ముణ్ణి కొడితే షుగర్ రాదు తెలుసా, ఎవర్ని కొట్టినా రాదు, నీ పొట్టలో ఇన్సులిన్ తయారుచేసే చోటు పనిచెయ్యడం మానేసింది, అందులో నీ తప్పు లేదు, అమ్మ తప్పూ లేదు." ఒక్కసారి చెప్తే సరిపోదు, మళ్ళీ మళ్ళీ వస్తుంది ఆ మాట, వచ్చినప్పుడల్లా ఇంతే మామూలుగా చెప్పండి.

తగ్గిపోయింది అన్నదానికి వస్తే, బొమ్మకి తగ్గిపోనివ్వండి. అది దాని ఆశ, ఆటలో ఆశ పడితే తప్పేముంది. కాదు తగ్గదు అని బొమ్మ విషయంలో వాదించొద్దు. కానీ "నాక్కూడా" అన్నచోట మాత్రం ఆటకీ నిజానికీ మధ్య గీత గీయాలి. "పళ్ళమ్మకి ఆటలో తగ్గింది, నీకూ తగ్గిపోతే బావుండు అనిపిస్తోంది కదా, నాకూ అలాగే ఉంది, నీకు మాత్రం రోజూ ఇన్సులిన్ కావాలి, అది ఉంటేనే నువ్వు పరిగెత్తగలవు ఆడుకోగలవు." పెద్దయ్యాక తగ్గుతుందిలే అని అప్పటికప్పుడు నోటికొచ్చింది చెప్పేయొద్దు. రేపు అదే మాట పట్టుకుని అడుగుతుంది.

ఒకటి గమనించుకోండి. ఆట మారుతూ ఉంటే భయం లేదు, ఇవాళ పొడిచింది రేపు ప్లాస్టర్ వేసింది ఎల్లుండి తగ్గిపోయిందంది, ఇది మంచి లక్షణం. అలాకాకుండా వారాల తరబడి ఒకే ఆట, మొహంలో ఏ మార్పూ లేకుండా అదే పొడవడం, ఆడాక ఇంకా బిగుసుకుపోవడం, నిద్ర చెడిపోవడం, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవడం, ఇలాంటివి కనిపిస్తే పిల్లల సైకాలజిస్ట్‌కి చూపించండి. దాన్ని ఇంట్లో బొమ్మతో సర్దాలని చూడొద్దు.

సూదీదారం:

కొనే బొమ్మల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను. మా అమ్మాయికి వినికిడి మిషన్లు, రెండు చెవులకీ. బార్బీలో వినికిడి మిషన్ ఉన్న బొమ్మ 2022లో వచ్చింది, కృత్రిమ కాలు ఉన్నదీ వీల్‌చెయిర్‌లో ఉన్నదీ 2019లో వచ్చాయి. మీకు పనికొచ్చే వార్త ఏంటంటే 2025 జులైలో టైప్ 1 షుగర్ ఉన్న బార్బీ కూడా వచ్చింది, చేతికి సెన్సర్, నడుముకి ఇన్సులిన్ పంప్, సెన్సర్ ఊడకుండా గుండె ఆకారంలో టేపు. అంతకుముందు 2016లో అమెరికన్ గర్ల్ అనే బొమ్మల కంపెనీ వాళ్ళు తమ బొమ్మలకి డయాబెటిస్ కిట్ తెచ్చారు. ఈ కంపెనీలు ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటాయి గానీ 1997లో వీల్‌చెయిర్ బొమ్మ బెకీని తెచ్చినప్పుడు బార్బీ బొమ్మరింటి లిఫ్టులో ఆ వీల్‌చెయిర్ పట్టలేదు! అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది, కోపం కూడా వస్తుంది.

నా అభిప్రాయం అడిగితే ఈ కొన్న బొమ్మలు చేసే పని వేరు. నాలాంటి బొమ్మ షాపులో ఉంది, అందంగా ఉంది అని పిల్లకి అనిపించడం, అది చిన్న విషయం కాదు, మా అమ్మాయి ఆ బొమ్మని స్కూలుకి తీసుకెళ్ళి అందరికీ చూపించింది. కానీ గుచ్చడానికీ గీయడానికీ ఉతకడానికీ అవి పనికిరావు. దానికి గుడ్డబొమ్మే.

కుట్టేవాళ్ళకి: మొహం మీద ప్లాస్టిక్ కళ్ళు గుండీలు వద్దు, దారంతో కుట్టేయండి. పంప్, సెన్సర్ లాంటివి ఫెల్ట్ గుడ్డతో చేసి వెల్క్రోతో అతికించేలా పెడితే పిల్లే పెట్టుకుంటుంది తీసుకుంటుంది, ఆ తీసిపెట్టడంలోనే సగం ఆట ఉంది. తిండి ఎక్కించడానికి పొట్టలో గొట్టం ఉన్న పిల్లలకైతే చిన్న చొక్కా గుండీ ఒకటి గట్టిగా కుట్టి సన్నటి ట్యూబ్ ముక్క తగిలిస్తే సరిపోతుంది, కాస్త పెద్ద పిల్లలకే సుమా. లోపల దూది నింపేది కూడా మిషన్లో ఉతికినా ముద్దకట్టనిది చూసుకోండి. మరీ అచ్చుగుద్దినట్టు ఉండక్కర్లేదు, మిషన్ ఏ చెవికి ఉందో గొట్టం ఏ పక్కన ఉందో అది మాత్రం తేడా రాకూడదు, పిల్లలు పట్టేస్తారు.

ఆధారం_ఎక్కడ:

రెండేళ్ళ బాబు గురించి అడిగారు, ఎవరూ చెప్పినట్టు లేదు. వాడికి బొమ్మ మీద చూపించి అక్కకి ఇలా జరుగుతోంది అని అర్థం చేయించడం కుదరదు. జూడీ డిలోచ్ అనే సైకాలజిస్ట్ దీనిమీద చాలా పని చేశారు, 1995లో వచ్చిన వాళ్ళ పేపర్లో చిన్న పిల్లల ఒంటిమీద స్టిక్కర్లు అంటించి అదేచోట బొమ్మకి పెట్టమంటే రెండున్నర, మూడేళ్ళ పిల్లలు కూడా తడబడ్డారు. బొమ్మ ఒక వస్తువు, అదే బొమ్మ నేను కూడా, ఈ రెండూ ఒకేసారి బుర్రలో పట్టవు ఆ వయసులో. కాబట్టి వాడికి బొమ్మ ఉత్త బొమ్మే, ఆడుకోనివ్వండి, అక్కకి మందు వేస్తున్నాం అని ఒక్క ముక్క చెప్పండి, వేసేటప్పుడు వాణ్ణి ఎవరో ఒకరు ఎత్తుకుని ఉంటే చాలు. సిరంజి మూతలూ చిన్న ముక్కలూ వాడి నోట్లోకి పోకుండా చూసుకోండి, గుండ్రటి బటన్ బ్యాటరీ ఉన్న బొమ్మలైతే ఇంకా జాగ్రత్త, మింగితే గొంతులోనే కాల్చేస్తుంది, వెంటనే హాస్పిటల్‌కి పరిగెత్తాలి.

బుజ్జమ్మ_వాళ్ళమ్మ:

పళ్ళమ్మకి తమ్ముణ్ణి కొడితే షుగర్ రాదు అని చెప్పాను. పాప కాసేపు చూసి "మరి ఎందుకొచ్చింది" అంది, సిస్టర్ చెప్పిన మాటలే చెప్పా, ఏమనుకుందో తెలీదు, వెళ్ళి ఆడుకుంది. చివరగా ఒకటి, వచ్చేవారం సెన్సర్ పెడతారట. ఆ పెట్టే మిషన్ టక్ మని పెద్ద చప్పుడు చేస్తుందని విన్నా. ఎన్ని రోజుల ముందు చెప్పాలి? తీసేసిన పాత సెన్సర్ బొమ్మకి అంటించొచ్చా?

పిల్లలవార్డు_సిస్టర్:

ఐదేళ్ళ పిల్లకి వారం ముందు చెప్తే వారమంతా భయమే, ఒకటి రెండు రోజుల ముందు చాలు. వెళ్ళేలోపు క్లినిక్‌కి ఫోన్ చేసి సూది లేని డెమో ముక్క ఉందా అని అడగండి, కొన్నిచోట్ల ఉంటాయి. లేకపోతే అట్టముక్క గుండ్రంగా కత్తిరించి టేపుతో పళ్ళమ్మ చేతికి అంటించండి, ఏ చేతికో పాపనే అడగండి. చప్పుడు కోసం పెన్ను టిక్కుమనిపించినా, చప్పట్లు కొట్టినా సరే, ఒకటి రెండు మూడు టక్, చేసేది పాప, ఉలిక్కిపడేది మీరు, బాగా ఉలిక్కిపడండి, నవ్వుతుంది. టేపు పీకేటప్పుడు కూడా గుంజుతుందని చెప్పి ఉంచండి, చాలామంది పిల్లలు గుచ్చడం కంటే దానికే ఎక్కువ గోల చేస్తారు. వాడేసిన సెన్సర్ మాత్రం వద్దు, కింద సన్నటి తీగకి రక్తం అంటి ఉంటుంది, చాలావాటిలో లోపల బ్యాటరీ కూడా ఉంటుంది, మీ బాబు ఉన్న ఇంట్లో అసలు వద్దు. అట్టముక్క మీద పాప రంగులు వేసుకుంటుంది, అదే బావుంటుంది.